మార్కాపురం పలక... ఘంటసాల పాట

మార్కాపురం అంటే పలక. మన తాతలు, అమ్మానాన్నలు 'అ ఆ'లు దిద్దింది ఈ ఊరి రాయి మీదే. నోట్‌బుక్కులొచ్చాక పలకలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. రాయి మాత్రం ఊరికే కూర్చోలేదు. టైల్స్‌గా మారి ఇప్పుడు విదేశాల్లో గోడలెక్కుతోంది.

ఇక్కడ నంద్యాల వైపు రైలెక్కితే కంభం, గిద్దలూరు దాటాక నల్లమల అడవి. సిగ్నల్ పోయేలోపే ఘంటసాల పాటలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఎందుకంటే ఆయనదీ ఈ రాయి కథే. మొదట్లో ఆ గొంతు రికార్డుకు పనికిరాదంది హెచ్‌ఎంవీ. పేకేటి శివరాం ఆ కంపెనీలో చేరాక పాడించారు. చివరికి ఊరూరా వినిపించే ఆయన భగవద్గీత కూడా హెచ్‌ఎంవీ రికార్డే!

లండన్‌లోనూ ఇంతే. 1962 జనవరి 1న బీటిల్స్ బృందం డెక్కా కంపెనీ ఆడిషన్‌లో 15 పాటలు పాడింది. వద్దు పొమ్మన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఈఎంఐ వాళ్ల మొదటి రికార్డు తెచ్చింది. తర్వాతేమైందో ప్రపంచానికి తెలుసు.

మార్కాపురం వెళ్తే ఒక పలక కొనుక్కోండి. ఎక్కడైనా 'నో' అన్నారా? దాని మీద రాసి, తుడిచేయండి. మళ్లీ రాసుకోవడానికేగా పలక ఉన్నది!