మాటలు విడిచిన ప్రార్థన

1927 డిసెంబరు 3వ తేదీన డాలస్ నగరమున కొలంబియా కంపెనీవారు పాడించి రికార్డు చేసిన గాయకులలో బ్లైండ్ విల్లీ జాన్సన్ ఒకడు. చిన్ననాటనే చూపు కోల్పోయి, టెక్సస్ వీథులలో గిటారు మీటుచు దైవగీతములు పాడి పొట్టపోసికొనిన నల్లజాతి గాయకుడతడు. ఆనాడతడు పాడిన ‘డార్క్ వాజ్ ది నైట్, కోల్డ్ వాజ్ ది గ్రౌండ్’ చీకటి రాత్రిని, చల్లని నేలను పేరునందే నిలుపుకొన్నది; మూడు నిమిషములకు కొంచెము మించిన ఆ పాటలో మాట యొక్కటియు వినబడదు.

ఇంగ్లండు మతాచార్యుడు థామస్ హావీస్ రచింపగా 1792లో వెలువడిన కీర్తన దీనికి మూలము. సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో క్రీస్తు సాగిలపడి ప్రార్థించుట దాని విషయము. పుస్తకములు కొఱవడినచోట, చదువుకొనుటయే నేరమైన బానిసల నడుమ, పెద్ద యొకడు చరణమును ముందు పలుకగా సంఘమంతయు దానిని సాగదీసి, ఒక్కొక్క అక్షరమును పెక్కు స్వరములపై నడిపించుచు బదులు పాడు ఆచారము నల్లజాతి బాప్టిస్టులలో వేరూనినది. ఆ గానమున మాట క్రమముగా కరగి మూలుగై మిగులును. జాన్సన్ ఆ మూలుగును మాత్రమే గ్రహించెను.

గొంతు ఒక స్వరమునెత్తి సగములో విడువగా, తీగెలపై జారు నాదము దానినందుకొని పూర్తిచేయును. మరల గొంతు పిలుచును, మరల తీగె పలుకును. సంఘము పాడవలసిన బదులును ఇచట గిటారే పాడుచున్నది. తోటలో శిష్యులు నిద్రించుచుండగా ఒంటరిగా మేల్కొన్నవాని వేదన ఈ గానరీతియందే ఇమిడియున్నది. పిలుచువాడును తానే, తోడుగా పలుకువాడును తానే. మాటలున్నచో ఏదో యొక కోరిక తెలియవచ్చెడిది. అవి లేనందున ఆర్తి యొక్కటే నిలిచినది. భక్తుడు దేవుని నేమి యడుగుచున్నాడో మనకు తెలియదు. ఎంతగా అడుగుచున్నాడో తెలియును.

1945లో బ్యూమాంట్ పట్టణమున ఇల్లు కాలిపోగా, తడిసిన శిథిలముల నడుమనే పండుకొని, జబ్బుపడి అతడు మరణించెనని భార్య చెప్పినది. ముప్పది పాటలు మాత్రమే రికార్డుకెక్కిన ఆ గాయకుని ఈ పాటను 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు బంగారు పూత రికార్డులో దాల్చి నక్షత్రముల దిక్కుగా కొనిపోయినవి. మన భాష యేదియు నెఱుగని శ్రోతకు మాటలులేని పిలుపును పంపుట ఎంతయు ఉచితము.

కోరినది లభించినప్పటి స్తుతి సులభము. ఎదుట నెవ్వరును పలుకకున్నను పిలుపు మానని హృదయమునందే భక్తి పరిపూర్ణమగునని నా విశ్వాసము. ఆ విశ్వాసమునకు ఈ పాటను మించిన సాక్ష్యమును నేనెఱుగను.