గుప్పెడు శనగలు



మా పార్వతీపురం వైపు సంఘాలలో ఉపవాస ప్రార్థన ముగిశాక టీ, బిస్కెట్లు ఇవ్వడం వాడుక. మా మందిరంలో మాత్రం రెండేళ్ల నుండి ఉడికించిన శనగలు పెడుతున్నాం. ఎందుకని చాలామంది అడుగుతున్నారు గనుక రాస్తున్నాను.

కొండ మీది ఊరి నుండి నడిచి వచ్చే ఒక సహోదరి, అప్పటికి ఐదో నెల, పాట మధ్యలో కళ్లు తిరిగి కూలబడింది. రక్తం తక్కువగా ఉందని ఏఎన్‌ఎం ముందే చెప్పి మాత్రలు ఇచ్చింది. ఆమెకు ఉపవాసం వద్దన్నాం కూడా. "ఏం తిన్నావమ్మా?" అంటే, "టీ తాగాను అయ్యగారూ. ఇంట్లో రోజూ అంతే" అంది.

వంద గ్రాముల ఎండు శనగల్లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఇనుమూ, గర్భిణికి ముఖ్యంగా కావలసిన ఫోలేటూ ఉంటాయి. అన్నంలో తక్కువైన లైసిన్ శనగల్లో దొరుకుతుంది. శనగల్లో కొరతైనది అన్నం, చోడి అంబలి పూరిస్తాయి. రాత్రి నానబెట్టి, ఉడికించి, ఉల్లిపాయ వేసి నిమ్మకాయ పిండుతాం. పులుపు ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. అందుకని టీ మానేశాం. బిస్కెట్లు పోయినందుకు ఎవరూ ఏమీ అనలేదు గానీ టీ కోసం మాత్రం నెల రోజులు సణిగారు! చిన్నపిల్లలకు గింజలు గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా మెదిపి పెట్టండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం శనగలు తింటున్నామని మానవద్దు.

మా కొండల్లో కందులు, ఉలవలు, బొబ్బర్లు పండుతాయి, అవీ మంచివే. శనగ నల్లరేగడి పంట. కర్నూలు, ప్రకాశం వైపు ఎక్కువగా వేస్తారు. అక్కడి రైతులు మెచ్చిన జేజీ-11 రకం 1999లో విడుదలైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు అందులో పాలుంది.

అసలు చిక్కు వేరే వచ్చింది. "శ్రావణమాసంలో వాయనమిచ్చేవి, దసరాకు గుగ్గిళ్లు పంచేవి ఇవే కదా అయ్యగారూ, మనం తినవచ్చా?" అని ఒక పెద్దాయన లేచాడు. అంగడిలో కొన్నదాని గురించి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదవ అధ్యాయం చదివి వినిపించాను. అరణ్యంలో అలసిన దావీదు జనానికి బర్జిల్లయి మొదలైనవారు తెచ్చినవాటిలో కాయధాన్యాలు కూడా ఉన్నాయని రెండవ సమూయేలు 17 చూపించాను. ఆయన ఒప్పుకోలేదు.

ఆ సహోదరికి కాన్పు క్షేమంగా జరిగింది. పెద్దాయన ఇప్పటికీ శనగలు ముట్టడు. కానీ శుక్రవారం మనవరాలి చేతికి గిన్నె ఇచ్చి మరీ పంపుతున్నాడు.