బల్లి పలికింది... సత్యం!

‘‘అమ్మా, నాకు బల్లి కావాలి!’’

కడపలో ఓ ఇంట్లో ఆదివారం పొద్దున కారం దోసె తింటూ ఏడో తరగతి పిల్లాడు అన్న మాట ఇది. అమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పేపరు చదువుతున్న నాన్న తలెత్తి చూశాడు. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అవ్వ మాత్రం ఫక్కున నవ్వింది.

‘‘ఏందప్పా నువ్వు అడిగేది? గోడ మీద నాలుగు ఉండాయి గదా. యాది కావాల్నో పట్టుకో పో.’’

వాడడిగింది గోడమీది బల్లిని కాదు. దసరా సెలవుల్లో బెంగళూరులో చిన్నాన్న ఇంటికెళ్ళినప్పుడు అక్కడ అన్న దగ్గర చూశాడు. అద్దాల పెట్టె, అడుగున రాళ్ళు, ఓ చిన్న గుహ. గుహలోంచి పసుప్పచ్చని ఒంటిమీద నల్లచుక్కలతో మెల్లగా బయటికొచ్చింది లెపర్డ్ గెకో. మన ఇళ్ళలో బల్లికి కనురెప్పలుండవు. దీనికున్నాయి. రెప్పలార్పి పిల్లాడి వంక చూసింది. అంతే, వాడి మనసు అక్కడే ఉండిపోయింది.

‘‘అది ఎడారి బల్లి నాయనా! మన కడప ఎండలకి బాగా సరిపోతుంది’’ అన్నాడు ధీమాగా.

అవ్వకి ఈ వ్యవహారం ఎంతమాత్రం నచ్చలేదు. బల్లి మీద పడితే తలస్నానం చెయ్యాలి. ఎక్కడ పడితే ఏ ఫలితమో పంచాంగంలో చూసుకోవాలి. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్ళని తాకినా దోషం పోతుందంటారు. ‘‘అట్లాంటిదాన్ని దుడ్లు పెట్టి కొని నెత్తికెక్కించుకుంటారా?’’ అన్నది ఆమె వాదన.

నాన్న వెంటనే వద్దనలేదు. ‘‘తెలుసుకుందాం ఆగు’’ అన్నాడు. రాత్రుళ్ళు తండ్రీకొడుకులిద్దరూ ఫోను ముందేసుకుని చదవడం మొదలుపెట్టారు.

తెలిసిన మొదటి సంగతే పిల్లాడి ధీమాని కాస్త తగ్గించింది. ఈ బల్లి స్వస్థలం అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్ వైపు రాళ్ళూరప్పలుండే పొడినేలలు. అక్కడ ఎండ మండిపోతుంది, నిజమే. కానీ అది ఎండలో తిరగదు. పగలంతా రాతి సందుల్లో, బొరియల్లో చల్లగా పడుకుని పొద్దుగూకాక బయటికొస్తుంది. తిండి దొరికినప్పుడు కొవ్వంతా లావాటి తోకలో దాచుకుంటుంది, కరువుకాలం కోసం గాదెలో జొన్నలు పోసుకున్నట్టు.

‘‘అంటే మన మాదిరే! మే నెలలో మనమూ మధ్యాహ్నం తలుపులేసుకుని సాయంత్రం కదా బయటికొచ్చేది’’ అన్నాడు నాన్న.

మరి అద్దాల పెట్టెలో పెడితే? ఓ పక్క ముప్పై, ముప్పై రెండు డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ఇంకో పక్క పాతికకి దగ్గరగా చల్లగా ఉండాలి. దానికి ఎప్పుడు ఏది కావాలంటే అటు వెళ్తుంది. కడపలో మే నెలలో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు కాస్తే, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ పెట్టె ఏమవుతుంది? బయట ఉంటే బొరియలోకి దూరుతుంది. అద్దాల మధ్య ఎక్కడికి దూరుతుంది? ‘ఎడారి బల్లి’ అని పేరుండటం వేరు, ఉడికిపోకుండా ఉండటం వేరు.

తిండి సంగతి ఇంకోటి. అన్నం, పాలు తినదు. కదిలే పురుగులే కావాలి. కీచురాళ్ళు తెచ్చి డబ్బాలో పెంచాలి. వాటికి క్యాల్షియం పొడి అద్ది పెట్టాలి. లేకపోతే బల్లి ఎముకలు మెత్తబడి వంకర్లు పోతాయి. జబ్బు చేస్తే చూసే డాక్టరు కోసం వెతుక్కోవాలి. కుక్కకీ, గేదెకీ వైద్యం చేసేవాళ్ళు ఊరూరా ఉంటారు. బల్లి నాడి పట్టేవాళ్ళు ఎంతమంది?

అసలు ప్రశ్న మాత్రం అమ్మ వేసింది, వంటింట్లోంచే.

‘‘ఎన్నేళ్ళు బతుకుతుంది?’’

‘‘బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళమ్మా.’’

‘‘నీకిప్పుడు పన్నెండు. ఇంటర్‌కి హాస్టల్లో వేస్తాం. ఆపైన ఇంజనీరింగు. ఆ తర్వాత ఉద్యోగమని హైదరాబాదో బెంగళూరో పోతావు. నీకు ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా ఆ పురుగుల డబ్బా ఎవరు చూడాల్రా... నేనా?’’

పిల్లాడి దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా వాడు బల్లి గురించి ఆలోచించాడు గానీ తన గురించి ఆలోచించలేదు. అయినా ఆశ చావలేదు. నాన్న ఓ అమ్మకందారుకి ఫోన్ చేశాడు. ‘‘ఇది ఎక్కడ పుట్టింది? కాగితాలేమైనా ఉన్నాయా?’’ అని అడిగితే అవతలివాడు నవ్వాడు. ‘‘అవన్నీ ఎందుకు సార్, డబ్బాలో పెట్టి బస్సుకి వేస్తాం, పొద్దున దించుకోండి.’’

అక్కడే నాన్నకి అనుమానమొచ్చింది. ఈ జాతి బల్లులు మన అడవుల్లోనూ ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశాల తూర్పు కనుమల్లో ఉండే ఓ రకాన్ని 2022లోనే శాస్త్రవేత్తలు కొత్త జాతిగా గుర్తించారు. డబ్బాలో వచ్చేది పెంపకంలో పుట్టిందో, ఏ కొండ మీదో రాత్రిపూట టార్చిలైటు వేసి పట్టిందో కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

ఈ సంగతి ఎలా చేరిందో పాలాయనకీ చేరింది. ఓ పొద్దున లీటరు పాలు కొలిచిపోస్తూ గొంతు తగ్గించి చెప్పాడు.

‘‘అంత దూరం నుంచి తెప్పించుకునేది ఎందుకన్నా? మన కొండల్లోనే బంగారు బల్లి ఉండాది. తెలిసినోళ్ళుండారు, పట్టి తెమ్మంటా. దుడ్లు కూడా వొద్దు.’’

పిల్లాడి కళ్ళు మెరిశాయి. బంగారు బల్లి!

ఆయన చెప్పింది కట్టుకథ కాదు. శేషాచలం కొండల్లో నిజంగానే బంగారు బల్లి ఉంది. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్ల సైనికాధికారి దాన్ని లోకానికి పరిచయం చేశాడు. తర్వాత చాలాకాలం దాని జాడ తెలియలేదు. మళ్ళీ 1980ల్లో తిరుమల కొండల్లో గుర్తించారు. రాతి చీలికల్లో, నీటి చెమ్మ ఉన్నచోట బతుకుతుంది. మగది పసిడి రంగులో మెరుస్తుంది. ఇది అడవి సొత్తు. పట్టుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నాన్న పాలాయనకి వద్దని చెప్పి పంపేశాడు. కొడుకు మొహం చూసి, చట్టం గురించి కాకుండా ఇంకో సంగతి చెప్పాడు. ఆయనది సిద్ధవటం పక్కన పల్లె. 1986లో ఆయన చిన్నపిల్లాడు. ఆ ఏడాది జనవరిలో ఊరంతా ఒకటే మాట... లంకమల అడవిలో కలివికోడి దొరికిందట! లోకంలో ఎవరికీ ఎనభై ఏళ్ళకి పైగా కనిపించని పిట్ట. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊరూరా బొమ్మలు చూపిస్తూ అడిగితే, అడవి తెలిసిన స్థానికుడొకాయన రాత్రిపూట దాన్ని సజీవంగా పట్టి చూపించాడు.

‘‘తర్వాత?’’

‘‘ఎక్కువ రోజులు బతకలేదురా. చచ్చిపోయింది.’’

పిల్లాడు మాట్లాడలేదు.

‘‘పట్టినాయన చెడ్డోడేం కాదు. ఆయన చూపించకపోతే ఆ పిట్ట ఉందనే లోకానికి తెలిసేది కాదు. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. అడవిలో బతికే పిట్ట మన చేతిలో ఎందుకు బతకలేదో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు, అంతే.’’

తర్వాతి ఆదివారం అందరూ తలకోన వెళ్ళారు. రాయచోటి, పీలేరు మీదుగా ప్రయాణం. అవ్వ పులిహోర కట్టించింది. సిద్ధేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని జలపాతం దారి పట్టారు. దారి చూపడానికొచ్చిన కుర్రాడు ఓ పెద్ద బండ దగ్గర ఆగి, చెయ్యి అడ్డం పెట్టి ‘‘ష్...’’ అన్నాడు. నీళ్ళ హోరులోంచి వినిపించింది... గట్టిగా, తెంపుతెంపుగా ఓ కూత. ఇంట్లో బల్లి ‘టిక్ టిక్’ దాని ముందు గుసగుస లాంటిది!

బండ చీలికలో, చెమ్మగా నల్లబడిన రాతి మీద అరచేతికి మించని పసుప్పచ్చని మెరుపు. పక్కన రాతికి అతుక్కుని తెల్లటి గుడ్ల పెంకులు, జతలు జతలుగా పదుల కొద్దీ. చాలా బల్లులు కలిసి ఒకేచోట గుడ్లు పెడతాయని, ఓసారి రాతికి అతికించిన గుడ్డుని మళ్ళీ కదిలించలేవని కుర్రాడు చెప్పాడు. పిల్లాడు ఊపిరి బిగబట్టి చూశాడు. రెండు నిమిషాలే. ఆ మెరుపు చీలికలోకి జారిపోయింది.

అవ్వ మాత్రం గబగబా చెంపలేసుకుంది. ‘‘కంచికి పోకుండానే చూసినాం సామీ!’’

తిరుగు ప్రయాణంలో పిల్లాడు చాలాసేపు కిటికీ పక్కన నోరెత్తకుండా కూర్చున్నాడు. రాయచోటి దాటాక అడిగాడు.

‘‘నాయనా, అన్న దగ్గరుండే బల్లికి వేరే బల్లి కూత వినపడదు కదా?’’

నాన్న ఏమీ చెప్పలేదు. పెంపకంలో పుట్టి, పద్ధతిగా పెరిగే బల్లులు హాయిగానే ఉంటాయని ఆయనా చదివాడు. బెంగళూరు అన్న తన బల్లిని ప్రాణంగా చూసుకుంటాడు కూడా. కానీ ఆ ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు.

ఆ రాత్రి కడపలో కరెంటు పోయింది. అందరూ మిద్దె మీద చాపలు పరుచుకున్నారు. పిల్లాడు కాసేపు అటూ ఇటూ దొర్లి, ‘‘అమ్మా, నేను హాస్టల్‌కి పోయేలోపు మన ఇంట్లో ఎన్ని బల్లులున్నాయో లెక్క రాస్తా. పెట్టె వద్దులే’’ అన్నాడు.

కరెంటొచ్చింది. మెట్ల దగ్గర ట్యూబ్‌లైటు మిణికిమిణికి వెలిగింది. దాని వెనక నుంచి ‘టిక్ టిక్ టిక్’.

అవ్వ చీకట్లోనే వేలితో నేలమీద తట్టింది.

‘‘సత్యం!’’