అమ్మీ ఉగల్దాన్

అమ్మీ మంచం కింద ఒక ఇత్తడి ఉగల్దాన్ ఉండేది, పైన గుడ్డ కప్పి. నానీ జహేజ్‌లో ఇచ్చింది. ఫజర్‌కి ముందే లేచి, ఎవరూ చూడకుండా దాన్ని బూడిదతో తోమేసి, వజూ చేసుకుని జానిమాజ్ మీద కూర్చునేది. అటు చూడడమే బేఅదబీ అనుకుంటూ పెరిగాం.

నేను పుట్టకముందే అమ్మీకి టీబీ వచ్చి తగ్గిందట. దగ్గు మాత్రం పోలేదు. "పురానీ ఖాంసీ హై రే" అనేది. మేమూ నమ్మేశాం.

మొన్నటి చలికాలం ఆయాసం ఎక్కువైతే కర్నూలు నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాను. డాక్టర్ సాబ్ మొదటి సవాల్: "బల్గం ఏ రంగులో పడుతోంది?" అమ్మీ దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన నా వైపు చూశారు. ఉర్దూ మీడియంలో బల్గం, తెలుగు డిగ్రీలో శ్లేష్మం. మాటలు రెండూ వచ్చు, జవాబు రాలేదు.

స్కాన్‌లో బ్రాంకియెక్టాసిస్ అని తేలింది. గాలి గొట్టాల గోడలు చెడి, వెడల్పై, అలాగే ఉండిపోయే జబ్బు. మన దేశంలో 2195 మంది పేషెంట్ల వివరాలతో 2019లో వచ్చిన రిపోర్టులో మూడో వంతుకు పైగా పాత టీబీయే కారణం.

ఆ రాత్రంతా చదివాను, అఖ్బార్‌వాళ్ల ఆదత్. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే సిపాయిలుంటాయి. క్రిముల మీదికి వచ్చి, తమ ప్రొటీన్లు కక్కి చచ్చిపోతాయి. అందులో మైలోపెరాక్సిడేజ్‌ది ఆకుపచ్చ రంగు. బల్గానికి ఆ రంగు దానిదే. ఇంకొకటి ఎలాస్టేజ్. అది క్రిములతో ఆగదు, సొంత ఇంటి గోడల్నీ కొరికేస్తుంది. బల్గంలో అది ఎంత ఎక్కువుంటే జబ్బు అంత తీవ్రం, తిరగబెట్టడం అంత తరచు. అంటే అమ్మీ రోజూ బూడిదతో తోమి పారేసింది తన రిపోర్టునే. ఎలాస్టేజ్‌కు పదునుపెట్టే ఎంజైమును అడ్డుకునే బ్రెన్సోకాటిబ్ మాత్రకు 2025 ఆగస్టులో అమెరికా ఇజాజత్ ఇచ్చింది. జబ్బును మాన్పదు, తిరగబెట్టడం తగ్గిస్తుంది. అది అమ్మీ దాకా ఎప్పుడొస్తుందో అల్లాకే ఎరుక.

ఇత్తడిలో రంగు తెలియదు, తెల్ల కప్పు పెట్టమన్నారు డాక్టర్ సాబ్. రోజూ ఉండే రంగు కంటే ముదిరితే వెంటనే ఫోన్ చేయమన్నారు. అమ్మీ పది రోజులు అలిగింది. "శరం నై క్యా రే తుమ్‌నా?"

ఇప్పుడు తమ్ముడింట్లో ఉంటోంది. ఫజర్ కాగానే ఫోన్ వస్తుంది. సలాం, దువా అయ్యాక, పక్కగదిలో కోడలు వింటుందేమోనని గొంతు తగ్గించి చెబుతుంది: "ఆజ్ పీలా హై రే."