కాటుక భరిణె

స్నానం అయిన పిల్లను పాత చీర మడతలో పడుకోబెట్టి అమ్మమ్మ కాటుక భరిణె కోసం చేయి చాచింది. బాలింత ఆ చేతిని పట్టుకుని ఆపింది. కృష్ణాతీరపు ఆ పల్లెలో, ఆ ఇంటిలో, కన్నకూతురు తల్లి చేతిని అలా ఆపడం అదే మొదటిసారి కావచ్చు.

"వద్దమ్మా. కంటికి ఏమీ పెట్టవద్దని డాక్టరుగారు చెప్పారు."

"నీకు పెట్టలేదుటే? నీ కళ్ళకేమయింది?"

పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటిలోనూ ఏదో ఒకనాడు వినిపించే ప్రశ్న ఇది. దీనికి సూటి సమాధానం లేదు. ఏమీ కాలేదు, నిజమే. కాని ఆ ఇంటిలో ఈ మాట వెనుక మరొక మాట ఉన్నది. ఆ పెద్దావిడ తొలిచూలు బిడ్డ మూడవ నెలలో జ్వరం వచ్చి పోయాడు. ఆ వారం భరిణెలో కాటుక నిండుకుంది. ఎవరి కన్నో తగిలిందని ఇరుగుపొరుగు అన్నారు. ఆ తరువాత పుట్టిన నలుగురికీ ఆమె ఒక్కనాడైనా చుక్క లేకుండా ఉంచలేదు. ఆమె చేతిలో ఉన్నది అలంకారం కాదు, కావలి. దానిని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. ఆ చేతిని ఆపడం తేలిక కాదు.

ఆమె కాటుక పట్టడం ఒక తపస్సు వంటిది. తెల్లని గుడ్డను పొన్నగంటి ఆకు పసరులో నానబెట్టి, ఆరబెట్టి, వత్తి చేసేది. ఆముదపు ప్రమిదలో దానిని వెలిగించి, పైన గంధం పూసిన రాగి పళ్ళెం బోర్లించి, తెల్లవార్లూ గాలి తగలకుండా కాపాడేది. ఉదయం పళ్ళానికి పట్టిన మసిని గీకి, వెన్నకాచిన నేతితో మెదిపి భరిణెలోకి తీసేది. ఇరుగుపొరుగు పురిటి ఇళ్ళకు కూడా ఆ కాటుకే వెళ్ళేది.

ఇప్పుడు ఆమె కళ్ళకు శుక్లాలు. పళ్ళెం మీద మసి ఎక్కడ పట్టిందో ఆమెకే ఆనదు. అందువలన ఈసారి తిరునాళ్ళలో కొన్నది: చిన్న డబ్బా, దానిలో నల్లని పొడి, ఒక పుల్ల. డబ్బా మీద పెద్ద కళ్ళ పాప బొమ్మ. చేసినవారి పేరు లేదు, ఊరు లేదు, లోపల ఏమున్నదో చెప్పే అక్షరం లేదు. ఆ పొడినే తన పాత భరిణెలోకి ఒంపుకుంది. భరిణె పాతదే గనుక కాటుకా పాతదే అనిపించింది.

పట్నంలో పిల్లల డాక్టరుగారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "దానిలో ఏముంది?" బాలింత చెప్పలేకపోయింది. ఏమున్నదో తెలియనిది పసిబిడ్డ కంటికి తగలకూడదని ఆయన చెప్పి, సీసం సంగతి వివరించారు.

సుర్మా వంటి కంటి పొడులను అనాదిగా కొన్ని దేశాలలో గెలీనా అనే ఖనిజాన్ని నూరి చేస్తారు. అది సీసపు గంధకం. నల్లగా మెరుస్తుంది, చల్లగా ఉన్నట్లుంటుంది. కంటికి రాసినది కంటిలోనే ఉండిపోదు. కన్నీటితో కలిసి ముక్కులోనికి, గొంతులోనికి దిగుతుంది. బిడ్డ కళ్ళు నలుపుకుంటుంది, అవే వేళ్ళు చప్పరిస్తుంది. కడుపులోనికి పోయిన సీసాన్ని పసివారి శరీరం పెద్దల శరీరం కంటె నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. కాల్షియంగా భ్రమపడి ఎముకలు దానిని దాచుకుంటాయి; ఎదుగుతున్న మెదడూ రానిస్తుంది. బిడ్డ ఏడవదు, ఒళ్ళు వెచ్చబడదు. ఏళ్ళు గడిచాక బడిలో వెనుకబడితే, ఆ నాటి భరిణెను ఎవరు తలచుకుంటారు? రక్తంలో ఇంతవరకు ఉన్నా ప్రమాదం లేదని చెప్పదగిన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది.

2011లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆరు నెలల మగబిడ్డ రక్తంలో డెసిలీటరుకు 13 మైక్రోగ్రాముల సీసం కనిపించింది. వెదకగా, నైజీరియా నుండి వచ్చిన టీరో అనే కంటి పొడి బయటపడింది. పరీక్షిస్తే దానిలో నూటికి 82 పాళ్ళకు పైగా సీసమే. ఆ తల్లిదండ్రులు కూడా బిడ్డ మేలు కోరే పెట్టారు.

ఇది ఏదో ఒక దేశపు కథ కాదు. 2020లో యూనిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో సుమారు 80 కోట్లు. వారిలో 27 కోట్లకు పైగా భారతదేశంలోనే. కారణాలు అనేకం. పాత బ్యాటరీలను కరిగించే కొలుములు ఒకటి, వంటపాత్రలు ఒకటి. మన దేశం పెట్రోలు నుండి సీసాన్ని 2000లో తొలగించింది. ఇంటి రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళను మించరాదన్న నిబంధన 2017లో అమలుకు వచ్చింది. సౌందర్య సాధనాలలో రంగు కోసం సీసపు సమ్మేళనాలు వాడరాదన్న నియమమూ ఉన్నది. కాని పేరూ ఊరూ లేని తిరునాళ్ళ డబ్బాను ఏ నియమం పట్టుకోగలదు?

ఆ సాయంత్రం బాలింత ఇవన్నీ చెప్పింది. పెద్దావిడ మాట్లాడలేదు. చాలాసేపటికి భరిణెను అరచేతిలోకి తీసుకుని, ఎత్తి, దించి చూసింది.

"బరువుగా ఉందే," అన్నది.

మసికి బరువుండదు. ఊదితే లేచిపోతుంది. ఆమె చిటికెడు పొడి తీసి బొటనవేలితో రాచింది. కంటికి ఆననిది వేలికి ఆనింది. సన్నని ఇసుకలా గరగరలాడింది. గ్లాసుడు నీళ్ళు తెమ్మన్నది. దీపపు మసి నీటిమీద తేలుతుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఏళ్ళ తరబడి పళ్ళేలు కడిగిన చేతులకు తెలుసు. పొడి నేరుగా అడుగుకు దిగింది. గెలీనా నీటికంటె ఏడున్నర రెట్లు బరువైనది.

ఇది పరీక్ష అనుకోరాదు. మసిలో కొద్దిపాటి సీసం కలిసినా పైకి తేలినట్లే ఉండవచ్చు. నిర్ధారణ చేయగలిగేది ప్రయోగశాల మాత్రమే. ఆ గ్లాసు అడుగున దిగినది సీసమో, మరొక రాతిపొడో ఆ ఇంటివారికి ఈనాటికీ తెలియదు. ఆమెకు తెలిసినది ఒక్కటే. "ఇది కాటుక కాదు," అన్నది.

ఆ మరునాడు బారసాల కానుకలు కూడా బయటికి వచ్చాయి. పౌడరు డబ్బాలు నాలుగు. పసిపిల్లల ఊపిరితిత్తులలోనికి ఆ పొడి పోరాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. 1972లో ఫ్రాన్సులో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమినాశకం పొరపాటున ఎక్కువ మోతాదులో కలిసిన టాల్కం పౌడరు వలన 36 మంది పిల్లలు మరణించారు. మిగిలినవి ఘాటైన పరిమళపు సబ్బులు, నూనెలు. పరిమళం అనే ఒక్క మాట చాటున ఎన్ని రసాయనాలైనా దాగవచ్చు. పసి చర్మానికి వాటితో పని లేదు. అలాగని ఇంటి సరుకంతా అమృతమనడానికీ లేదు. రంగు కోసం పసుపులో సీసపు క్రోమేటు కలుపుతున్న సంగతి 2019లో బంగ్లాదేశ్ పరిశోధనలలో బయటపడింది. స్నానం తరువాత వేసే సాంబ్రాణి పొగ కూడా పొగే. పెద్దావిడ సాంబ్రాణి మానడానికి మాత్రం ఒప్పుకోలేదు. పిల్లను పక్కగదిలో ఉంచి వేస్తానన్నది.

ఇక చుక్క మిగిలింది. ఇంటి మసి అయినా కంటికి మంచిది కాదు. వేలితో పాటు సూక్ష్మక్రిములు వెళ్తాయి, మసిలోనూ హానికరమైన పదార్థాలున్నాయి. కాటుక పెడితే కళ్ళు పెద్దవవుతాయన్నది మాటవరసకే. ఇదంతా విన్న మీదట పెద్దావిడ అడిగినది ఒక్కటే: "మరి దిష్టికో?"

బాలింతే ప్రమిద వెలిగించింది. తల్లి పక్కన కూర్చుని చెబుతూ ఉంటే రాగి పళ్ళెం బోర్లించింది. ఉదయం రవ్వంత మసి వచ్చింది. కంటికి కాదు, బుగ్గకు కాదు; అరికాలికి ఒక చుక్క, పైన మేజోడు. ఇద్దరికీ నచ్చింది.

అయిదవ నెలలో పిల్ల మేజోడు లాగివేసి కాలి బొటనవేలు నోటిలో పెట్టుకున్నది. ముందు చూసినది అమ్మమ్మే. తడిగుడ్డతో అరికాలు తుడిచి, కూతురిని పిలవకుండానే, భరిణెలో వేలు అద్ది ఉయ్యాల గుడ్డకు వెలుపలి వైపు, పిల్ల చేయి అందనంత ఎత్తున, చుక్క పెట్టింది.