చోక్ తీస్తే ఆగిపోయే బండి

మినెసోటాకి వచ్చి పదహారేళ్ళయినా నేనెప్పుడూ స్నోమొబైల్ ఎక్కలేదు. అలాంటిది మొన్న డిసెంబరులో దాని కార్బురేటర్ ముందు వేసుకుని కూర్చున్నాను.

మా అబ్బాయికి పదిహేడేళ్ళు. వేసవంతా పనిచేసి దాచుకున్న డబ్బుతో పాత బండి ఒకటి కొన్నాడు. "తుప్పు కొనుక్కున్నావు" అన్నారు మావారు. ఆ మాటతో తండ్రీకొడుకులకి మాటల్లేవు. తీరా మంచు పడ్డాక బండి కూడా ఆయన పక్షమే. చోక్ వేస్తే స్టార్టవుతుంది, తీయగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది.

తెనాలిలో మా నాన్నగారి స్కూటరుకీ ఇదే రోగం. "చోక్ మీదే బతుకుతోందంటే పెట్రోలు చాలడం లేదమ్మా" అనేవారు. ఆదివారం అరుగు మీద జెట్ విప్పి ఊదేవారు. స్క్రూలు పోకుండా పళ్ళెం పట్టుకునేది నేనే.

"చోక్ సగం వేసే నడిపేస్తాలే అమ్మా" అన్నాడు వాడు. వద్దన్నాను. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే టూస్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ కాలిపోతుంది. అప్పుడది నిజంగా తుప్పే.

గరాజ్ తలుపు ఎత్తి, ఆ చలిలోనే మొదలుపెట్టాం. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన వేస్తోంది. నెలల తరబడి కదలకపోతే పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఇక్కడి పెట్రోల్లో కలిసే ఇథనాల్ తేమనీ లాగుతుంది. అంతా పారబోశాం. గొట్టాలు వంచితే పగుళ్ళు! అవి మార్చాం. ఇంజన్ నుంచి పెట్రోలు పంపుకి వెళ్ళే సన్న గొట్టం కూడా మార్చాం. పంపు పనిచేసేది దాని ఒత్తిడితోనే.

రెండు సిలిండర్లకి రెండు కార్బురేటర్లు. అడుగు గిన్నె విప్పితే పచ్చటి జిడ్డు. మావాడు పైలట్ జెట్ తీసి లైటుకి అడ్డంగా పట్టుకున్నాడు.

"ఏమీ కనిపించట్లేదమ్మా."

"అదేరా రోగం. కన్నంలోంచి వెలుతురు రావాలి."

పిన్ను తీసుకోబోతే ఆపాను. ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదైతే లెక్క తప్పుతుంది. క్లీనర్ కొట్టి, నాననిచ్చి, గాలి పట్టించాం. సూదిమొనంత వెలుతురు కనిపించింది. రెండోదీ అలాగే చేశాం.

కొత్త పెట్రోలు పోసి తాడు లాగాడు. స్టార్టయింది. కాస్త వేడెక్కనిచ్చి చోక్ తీశాడు. ఆగలేదు.

చప్పుడు విని మావారు గుమ్మంలోకి వచ్చారు. "చోక్ తీశావా?"

"తీశాను."

కాసేపాగి, "ఏం చేశావేంటి?" అన్నారు.

వాడు పగిలిన గొట్టాలు చేతిలో పెట్టి మొదటినుంచీ చెప్పాడు. అరగంట. నా పేరు ఎక్కడా రాలేదు. నేను లోపలికి వెళ్ళి ఉప్మాకి పోపు వేసుకున్నాను.

మార్చి చివర్లో మంచు కరిగాక, నేను గుర్తుచేయకుండానే గిన్నెలు విప్పి పెట్రోలు వంపేశాడు. పళ్ళెం పట్టుకున్నది వాళ్ళ నాన్న.