భయపడుతున్నది ఎవరు?

దేవరాపల్లి వాస్తవ్యుడైన ఒక గృహస్థు నిత్యం గీతలోని సాంఖ్యయోగాన్ని పారాయణం చేసేవాడు. ఏకైక కుమారుడు నౌకాదళంలో చేరుతానన్న నాటి నుండి ఆ శ్లోకాలు జిహ్వాగ్రానే నిలిచి, హృదయంలోకి దిగడం మానాయి.

ఒకనాడు కుమారుడే తండ్రిని విశాఖ సాగరతీరానికి తీసుకొనిపోయాడు. 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిలో ఇరుకైన శయ్యలను, యంత్రాల నడుమ తలవంచి నడవవలసిన దారిని తండ్రి మౌనంగా చూశాడు. చేరువలోనే 1971 యుద్ధ విజయస్మారకం ఉంది. ఆ డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు సమీపంలోనే మునిగిపోయింది; అందులో ఒక్కరూ మిగలలేదు. ‘వారికీ తండ్రులుంటారు కదా’ అనుకున్నాడు. అర్జునుని విషాదానికి మూలమైన మమకారమే తనదీ అని స్ఫురించింది.

ఆ రాత్రి ఇరువురూ ‘ఎవడే సుబ్రమణ్యం’ (2015) చలనచిత్రం చూశారు. మరణించిన మిత్రుని చితాభస్మంతో హిమాలయాలలోని దూద్‌కాశీకి బయలుదేరిన సుబ్రమణ్యం, దారిలో తన అహంకారాన్నే విడుచుకుంటాడు. అరుణాచలం వీడకుండా రమణ మహర్షి బోధించినదీ ఆ విచారమే: నేనెవడను? యాత్ర బాహ్యమైనా గమ్యం అంతరంగమే.

మర్నాడు పారాయణానంతరం కుమారుని దరఖాస్తు పత్రాలను తండ్రి స్వహస్తాలతో పూజాపీఠంపై ఉంచాడు. కన్నీరు ఆగలేదు, భయమూ పోలేదు. కాని ఆ భయాన్ని చూస్తున్న సాక్షి ఒకరున్నారని తొలిసారి తెలిసింది.